ఆయ్ అంటే అవును కాదు

మొన్న నలుగురు కుర్ర పంతుళ్ళు మా ఇంటికి వచ్చారు. ఇంగ్లీషు తప్ప మరో భాష రాని వాళ్ళకు తెలుగు చెప్పే పని వీళ్ళకు కొత్తగా దొరికిందట. "మీరు ఆ రోజుల్లో దొరలకు మున్షీగా చేశారు కదండీ, మొదటి పాఠం ఎక్కణ్ణించి మొదలుపెట్టేవారు?" అని అడిగారు. వాళ్ళలో ఒకడు తాను రాసుకున్న పాఠం చూపించాడు. రా, పో, తే, కూర్చో, తలుపు వెయ్యి. చిన్న మాటలు, పలకటం తేలిక, మొదటి రోజు నుంచే పనికొస్తాయి అన్నాడు. నేను ఆ కాగితం వాడి ఒళ్ళో పడేసి లోపలికి వెళ్ళిపోయాను. మా ఆవిడే వాళ్ళకు టీ ఇచ్చి సాగనంపింది.

పాపం, వాళ్ళ తప్పేమీ లేదు. నా కోపం పంతొమ్మిది వందల ముప్ఫైల నాటిది. ఉద్యోగం పోయింది, జుట్టు పోయింది, ఆ కోపం మాత్రం పోలేదు. ఆ రోజు వాళ్ళకు నోటితో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. మనుషుల పేర్లు రాయను. ఉన్నవాళ్ళకు అవసరం లేదు, పోయినవాళ్ళు జవాబు చెప్పుకోలేరు.

మాది ఏలూరు. మా నాన్న తివాచీలు నేసేవాడు. నాకు మగ్గం పట్టుబడలేదు, తెలుగు పట్టుబడింది. పండితుల పరీక్షకు కట్టి ప్యాసయ్యాను. సాయిబుల పిల్లాడు సంధులూ సమాసాలూ చెబుతాడట అని బళ్ళలో నవ్వేవారు. మా వీధిలో అంతకన్నా ఎక్కువగా నవ్వేవారు. అందుకే ఒక సర్కారు ఆఫీసు హెడ్ గుమాస్తా కబురుపెట్టి, ఇంగ్లండు నుంచి కొత్తగా దిగిన చిన్నదొరకు తెలుగు చెప్పాలి, వస్తారా అని అడిగితే మారు ఆలోచించకుండా ఒప్పుకున్నాను.

చిన్నదొరది ఇంచుమించు నా వయసే. మొద్దు మాత్రం కాదు. ఒకసారి చెప్పిన మాట మళ్ళీ చెప్పే పని ఉండేది కాదు. మొదటి రోజు నా టోపీ చూసి, "నాకు హిందుస్తానీ అక్కరలేదు, తెలుగు కావాలి" అన్నాడు. తెలుగు చెప్పటానికే వచ్చానన్నాను. హెడ్ గుమాస్తా వంక తిరిగి, "ఇతనికి వచ్చా?" అన్నాడు. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను. హెడ్ గుమాస్తా వయసులో పెద్దవాడు, నెమ్మదైన మనిషి. "బాగా వచ్చండీ, మాకన్నా బాగా వచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన్ని చాలా కాలం గౌరవించాను.

పాఠాలు బంగళా వరండాలో జరిగేవి. మొదటి గొడవ 'మీరు' దగ్గర వచ్చింది. ఒక మనిషిని నువ్వు అనవచ్చు, మీరు అనవచ్చు, ఎదుటి మనిషిని బట్టి మాట మారుతుంది, క్రియ కూడా మారుతుంది అని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. తరువాత, "నేను ఎవరిని మీరు అనాలి?" అని అడిగాడు. ముసలివాళ్ళను, చదువుకున్నవాళ్ళను, కొత్తవాళ్ళను అన్నాను. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నట్టు చేసి, "నా పైవాళ్ళెవరూ తెలుగువాళ్ళు కారు. కాబట్టి నాకు నువ్వు చాలు. ఆజ్ఞలు చెప్పండి, మిగతాది తరువాత చూద్దాం" అన్నాడు. ఇదంతా ఇంగ్లీషులోనే, నవ్వుతూనే. పరీక్ష ప్యాసవటానికి ఏది కావాలో అది నేర్పమని హెడ్ గుమాస్తా కూడా చెప్పాడు. సరే, రా, పో, తే నేర్పాను. రెండు మూడు వారాల్లో బంగళాలో వంటవాడి దగ్గర్నించి తోటమాలి దాకా అందరినీ ఆ మాటలతోనే పరుగులు పెట్టించాడు.

రెండో గొడవ ప్రశ్న దగ్గర. ఇంగ్లీషువాడు మామూలు వాక్యాన్నే గొంతు పైకి లేపి అంటే అది ప్రశ్న అయిపోతుంది. మనకు అలా కుదరదు. చివర ఒక 'ఆ' రావాలి. వచ్చావు అంటే వచ్చావు. వచ్చావా అంటేనే అడిగినట్టు. చిన్నదొర ఆ దీర్ఘాన్ని రాతలో ఎప్పుడూ మరిచిపోలేదు, మాటలో ఎప్పుడూ పలకలేదు. గొంతు లేపి, "నువ్వు గుర్రం కట్టావు?" అనేవాడు. గుర్రపువాడు బిక్కమొహం వేసేవాడు. కట్టావు అంటున్నాడు కదా, మరి తిడుతున్నాడేమిటి అని.

ఇక మూడోది, మన గోదావరి వాళ్ళ 'ఆయ్'. ఒకరోజు పాఠం మధ్యలో చిన్నదొరే నవ్వుతూ ఎత్తాడు. "ఇక్కడి మనుషులు చాలా మంచివాళ్ళు. ఏం చెప్పినా అవునంటారు" అన్నాడు. అవును అనటం లేదండి, ఆయ్ అంటున్నారు అన్నాను. అవునులాగే వినపడుతుంది కాని, దాని అర్థం వేరు. మీ మాట నా చెవిన పడింది, మర్యాదగా వింటున్నాను, అంతే. ఆ తరువాత అవును అనవచ్చు, కాదు అనవచ్చు. పెద్దవాళ్ళకు ఎదురుచెప్పే ముందు కూడా ఇక్కడ మనిషి ముందు ఆయ్ అనే మొదలుపెడతాడు. ఇంత చెప్పాను.

"పరీక్షలో వస్తుందా?" అన్నాడు.

"రాదండి."

"అయితే తరువాతి పాఠం."

పరీక్ష ప్యాసయ్యాడు. ఒక అర్జీ చదివించారట, కొన్ని వాక్యాలు అటూ ఇటూ తిప్పించారట. అతని తెలుగు చక్కగా ఉందని రాసి ఇచ్చారు. ఆ పరీక్ష పెట్టినవాళ్ళలో తెలుగువాడు లేడని తరువాత తెలిసింది. ఆఫీసులో అందరం లడ్డూలు తిన్నాం. హెడ్ గుమాస్తా నా భుజం తట్టాడు. ఆ పరీక్షతో చిన్నదొరకు ఒక హక్కు వచ్చింది: ఇకమీదట విచారణల్లో దుబాసీ అవసరం లేదు.

ఆ ఏడాది వానలకు తమ్మిలేరు వాగు పొంగి కొల్లేరు సరస్సులోకి వచ్చిపడింది. సరస్సు అంచున పై ఊరి పెద్ద రైతు ఒకడు నీళ్ళు తీసిన నేల చుట్టూ గట్టు వేసి వరి పెట్టాడు. ఆ గట్టు వల్ల పక్క లంకలో ఉన్న చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళ దగ్గర నీరు కదలక నిలిచిపోయేది. గట్టు తీయించమని వాళ్ళు అంతకు ముందే అర్జీ పెట్టుకున్నారు. ఎవరూ చూడలేదు. ఆ వరదలో గట్టుకు గండి పడింది, రైతు పంట మునిగింది. లంకవాళ్ళే గండి కొట్టారని రైతు ఫిర్యాదు చేశాడు. విచారణకు చిన్నదొర బయలుదేరాడు. "మున్షీ, నువ్వూ రా. నా తెలుగు చూద్దువు గాని" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ గర్వంగానే అనిపించింది.

కాలువ మీద పడవలో, అక్కణ్ణించి దోనెల్లో లంకకు చేరాం. చేపలు ఎండబెట్టుకునే పాక కింద దొరకు కుర్చీ వేశారు. హెడ్ గుమాస్తా, నేను పక్కన నిలబడ్డాం. లంకలో అందరూ మాట వినే పెద్దమనిషిని పిలిచారు. నలభై దాటిన మనిషి, మాట మెత్తన. తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అతని భార్య కాస్త వెనక, పాక గుంజ పట్టుకుని నిలబడింది.

చిన్నదొర గొంతు లేపి, "నువ్వు గండి కొట్టావు?" అన్నాడు.

ఆ మనిషికి అది ప్రశ్నలా వినపడలేదు. నువ్వు గండి కొట్టావు అని దొరవారు అంటున్నారు. దొరవారి మాట పూర్తయింది. ఎవరైనా ఏమంటారు?

"ఆయ్" అన్నాడు.

చిన్నదొర కలం కదిలింది.

"ఎప్పుడు?"

"తెల్లారగట్ల పడిందండి."

"ఎవరు ఉన్నారు?"

"అందరం ఉన్నామండి. నీళ్ళు గట్టెక్కి వస్తుంటే చూస్తా నిలబడిపోయామండి. ఏం చేస్తామండీ?"

కలం ఇంకా కదులుతోంది. నేను మెడ చాచి చూశాను. ఇంగ్లీషులో ఇలా ఉంది: అవును, గండి నేనే కొట్టాను. తెల్లవారుజామున కొట్టాను. మా వాళ్ళందరూ నాతో ఉన్నారు.

గండి పడింది అంటే దానంతట అది పడింది. గండి కొట్టారు అంటే మనిషి కొట్టాడు. డెల్టాలో పాలు తాగే పిల్లకు కూడా ఈ తేడా తెలుసు. నేను ఆగలేకపోయాను. "అయ్యా, అతను ఒప్పుకోలేదు. మీరు అడిగింది ప్రశ్న కాలేదు. అతను అన్నది అవును కాదు. పడింది అంటున్నాడు, కొట్టాననటం లేదు" అని ఇంగ్లీషులో గబగబా చెప్పాను.

చిన్నదొర తల ఎత్తి నా వంక చూశాడు. చాలాసేపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. కింద కూర్చున్న లంకవాళ్ళు, పెద్ద రైతు, అతని మనుషులు, అందరూ మా ఇద్దరినే చూస్తున్నారు. హెడ్ గుమాస్తా వెనకనుంచి నా చొక్కా లాగుతున్నాడు.

"మున్షీ, బయట నిలబడు" అన్నాడు చిన్నదొర, తెలుగులో. ఉచ్చారణలో వంక పెట్టటానికి లేదు.

బయట ఎండలో నిలబడి విన్నాను. రాసిందంతా తనకొచ్చిన తెలుగులో, ఏ మాటా విడిగా తెలియనంత గబగబా, ఆ మనిషికి చదివి వినిపించాడు. ఒక్కొక్క వాక్యానికీ అతను ఆయ్, ఆయ్ అంటూనే ఉన్నాడు. చివర వేలిముద్ర వేయించుకున్నారు. వేసేదాకా కూడా తన గోడు దొర రాసుకున్నాడనే అతను అనుకున్నాడు. చేతులు కట్టి దోనె ఎక్కిస్తుంటే అప్పుడు అటూ ఇటూ చూశాడు.

అతని భార్య పరుగున నా దగ్గరికి వచ్చింది. "సాయిబు గారూ, ఏం రాసుకున్నారండి? ఈయన ఒప్పేసుకున్నాడంటున్నారు, ఎప్పుడు ఒప్పుకున్నాడండి? మేమంతా ఇక్కడే ఉన్నాం కదండీ!"

ఏం చెప్పను? వ్యాకరణం చెప్పనా?

తిరుగు ప్రయాణంలో పడవలో హెడ్ గుమాస్తా నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడాడు. "మీరు చెప్పింది తప్పనటం లేదండీ. నేనూ ఇక్కడే పుట్టానండి, ఆయ్ అంటే ఏమిటో నాకు తెలియదా? కాని కాగితం మీద పడ్డాక అది దొరగారి మాట. దాన్ని కాదన్నవాడు ఆఫీసులో ఉండడు. మీకు ఇప్పుడిప్పుడే ఒక ఆధారం దొరికింది. చూస్తూ చూస్తూ చెడగొట్టుకోకండి."

ఆయన నా మేలు కోరే అన్నాడు. నాకు చిన్నదొర మీద కన్నా ఆయన మీద ఎక్కువ మండింది. తెలియనివాడికి చెప్పవచ్చు. తెలిసి తల దించుకునేవాడికి ఏం చెబుతాం?

కేసు విచారణ రోజుకు మేజిస్ట్రేటుగారి క్యాంపు తాడేపల్లిగూడెంలో పడింది. ఆయన ఎక్కడ క్యాంపు వేస్తే వాదీ ప్రతివాదీ అక్కడికి పోవాలి. లంకవాళ్ళు చేపల వేట మానుకుని, దోనెలో, పడవలో, రైల్లో అక్కడికి వచ్చారు. వాళ్ళ తరఫు ప్లీడరు ఇంకా కొత్తవాడు. సాక్ష్యం చెబుతారా అని నన్ను అడిగాడు. చెబుతానన్నాను. ముందురోజు సాయంత్రం హెడ్ గుమాస్తా మా ఇంటి అరుగు మీదకు వచ్చి కూర్చుని, చెప్పవద్దని ఒకటికి రెండుసార్లు అన్నాడు. మా నాన్న మగ్గం దగ్గర్నించే, "వాడు చూసిందే చెబుతున్నాడు కదండీ, అబద్ధం కాదు కదా" అన్నాడు. ఆయన ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు.

మేజిస్ట్రేటుగారు తెలుగువారే. పక్క తాలూకాలో పుట్టి పెరిగినవారే. చిన్నదొర మాత్రం కోర్టుకు రాలేదు. అతని కాగితం వచ్చింది, అది చాలు.

ప్లీడరు నన్ను నిలబెట్టి, ఆయ్ అంటే అర్థం ఏమిటని అడిగాడు.

"మీ మాట వింటున్నానండి అని."

మేజిస్ట్రేటుగారు కల్పించుకున్నారు. "అవును అని కాదా?"

"కొన్నిసార్లు అవునూ కావచ్చండి, కాదూ కావచ్చు. తరువాత ఏమంటాడో దాన్ని బట్టి ఉంటుందండి. ఇతను తరువాత 'పడిందండి' అన్నాడు. కొట్టానని ఒక్కసారి కూడా అనలేదు."

"నువ్వు ఆ దొరగారికి మున్షీవి కదూ?"

"అవునండి."

"దొరగారు పరీక్ష ప్యాసయ్యారు కదా?"

"ప్యాసయ్యారండి."

"మరి ఆయనకు తెలుగు రాదంటావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "అయ్యా, తమరు ఈ గోదావరి నీళ్ళే తాగి పెరిగారు. తమ ఇంట్లో, తమ పొలాల మీద రోజూ ఈ మాట వింటూనే ఉంటారు. అర్థం నేను చెప్పాలా?" అన్నాను.

బంట్రోతు తల వంచుకున్నాడు. రాసుకుంటున్న గుమాస్తా కలం ఆపాడు. పెద్ద రైతు తరఫు ప్లీడరు కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. ఆ గదిలో ఉన్నది అందరూ తెలుగువాళ్ళే. ఆయ్ అనకుండా ఆ పూట ఒక్కడూ అన్నం తిని ఉండడు. అర్థం తెలియనివాడు అక్కడ ఒక్కడు లేడు. అయినా నేను ఏదో తెలియని దేశపు భాష గురించి చెబుతున్నట్టు విన్నారు.

మేజిస్ట్రేటుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇక్కడ నాకు ఇల్లూ పొలమూ లేవు. రికార్డు ఉంది. రికార్డు ఇంగ్లీషులో ఉంది" అన్నారు, ఇంగ్లీషులో.

శిక్ష పడింది. నెలల తరబడి జైలు. శిక్ష చదువుతున్నంతసేపూ ఆ మనిషి ఆయ్ అనలేదు.

మర్నాడు బంగళాకు వెళితే వంటవాడు మెట్ల మీదే ఆపి, ఇక రానక్కరలేదట సాయిబు గారూ అన్నాడు. చిన్నదొర లోపల ఉన్నాడు. గొంతు వినపడుతూనే ఉంది. ఆ తరువాత వేరే మున్షీని పెట్టుకున్నారు. నేను ఆస్పత్రి నడిపే తెల్ల నర్సమ్మలకు పాఠాలు చెప్పుకుంటూ బతికాను. వాళ్ళకు మొదటి రోజే 'మీరు' నేర్పాను. ఎందుకని ఒకావిడ అడిగితే కేకలు వేశాను. ఆవిడకు కారణం తెలియదు, పాపం. అయినా నేర్చుకుంది.

ఆ మనిషి జైల్లో ఉండగానే పెద్ద రైతు తన గట్టును ఇంకా ఎత్తు చేయించాడు. ఈసారి సర్కారు అనుమతితో. తరువాతి వానలకు లంకలో నీళ్ళు నిలిచి మట్టి గోడలు నాని కూలాయి. వాళ్ళలో కొందరు కైకలూరు వైపు వెళ్ళిపోయారు. నేను ఇంకో అర్జీ రాసి ఇచ్చాను. దాని మీద ఎవరో ఒక గీత గీసి పక్కన పెట్టారు.

చిన్నదొరకు బదిలీ అయిన రోజున ఏలూరు స్టేషన్లో అనుకోకుండా ఎదురుపడ్డాను. నేను రైలు దిగుతున్నాను, అతను ఎక్కటానికి నిలబడి ఉన్నాడు. ఆఫీసువాళ్ళు దండలు వేసి కాస్త దూరంగా ఉన్నారు. నన్ను చూసి తనే రెండడుగులు ముందుకు వచ్చాడు.

"మున్షీ గారూ, బాగున్నారా?"

గారూ అన్నాడు. బాగున్నారా అన్నాడు, చివరి దీర్ఘంతో సహా. నా తరువాత వచ్చిన మున్షీ ఎవరో గట్టివాడే.

చిన్నదొర గొంతు తగ్గించాడు. "ఆ రోజు మీరు చెప్పినప్పుడే నాకు అర్థమైందండి. పాకలోనే. కాని అప్పటికే రాసేశాను. పరీక్ష ప్యాసైన కొత్త. ఆ కాగితం చించేస్తే, అంతమంది ముందు నాకు తెలుగు రాదని నేనే ఒప్పుకున్నట్టు అయ్యేది. మీరు అర్థం చేసుకోవాలి."

ఇన్నాళ్ళూ నేను ఎవరి మీద కోపం పెట్టుకున్నానో ఆ మనిషి ఇతను కాదు. భాష రానివాడి మీద, వినిపించుకోనివాడి మీద పెట్టుకున్నాను. ఇతనికి భాష వచ్చు. వినిపించుకున్నాడు కూడా.

"లంకలో ఆయన ఇల్లు కూలిపోయింది, తెలుసా?" అన్నాను.

"విన్నాను. చాలా విచారించానండి" అన్నాడు. తప్పులేని వాక్యం. రైలు కూత వేసింది. చెయ్యి చాచాడు. నేను నా రెండు చేతులూ వెనక కట్టుకుని, రైలు కదిలి అతని పెట్టె దాటిపోయేదాకా అలాగే నిలబడ్డాను. ఆఫీసువాళ్ళు అందరూ చూశారు. హెడ్ గుమాస్తా కూడా చూశాడు. చూడనీ అనుకున్నాను.

అప్పటికి ఆ మనిషి విడుదలై లంకకు వచ్చేశాడు. ఈ సంగతి అతనికి చెప్పటం నా విధి అనిపించింది. వారం తిరక్కుండా పడవ ఎక్కాను. దారి పొడుగునా ఎలా చెప్పాలో అనుకుంటూ వెళ్ళాను. వింటే అతను మండిపడతాడని, ఏడుస్తాడని, నన్ను పట్టుకుని కుదిపేస్తాడని ఊహించుకున్నాను.

కూలిన గోడల పక్కనే తాటాకులతో కొత్తగా పాక వేసుకున్నారు. అతను వల బాగుచేసుకుంటున్నాడు. బాగా చిక్కిపోయాడు. భార్య నాకు మంచినీళ్ళు ఇచ్చి, కూర్చోండి సాయిబు గారూ అంది. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. దొర నాతో అన్నాడు, తనకు ఆ రోజే అర్థమైందట, తెలిసే రాశాడట, తెలిసే పంపించాడట.

అతను వల మీదనుంచి కళ్ళు ఎత్తలేదు. భార్యే మాట్లాడింది. ఆవిడ గొంతులో కోపం లేదు. చిన్నపిల్లవాడికి నచ్చజెప్పినట్టుగా ఉంది.

"దొరగారికి అర్థమైందని మాకు ఆ రోజే తెలుసండి, మీరు చెప్పగానే ఆయన మొహం చూశాం కదండీ. ఆయనకి తెలుగు రాక ఇలా అయిందని మీరొక్కరే అనుకున్నారండి."